బ్యారెల్ సంగతి సరే, ముందు మనిషన్నవాళ్లు జవాబు చెప్పండి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

మీరు తెలుగువారని మీ చెన్నై డీలరు చెప్పాడు. ఇంగ్లీషులో పంపిన మెయిళ్లకు ఆటోమేటిక్ జవాబులే వచ్చాయి. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను, మీరే చదవాలని.

మా అమ్మాయికి కొన్న మీ 0.177 అంగుళాల ఎయిర్ రైఫిల్ పెట్టె విప్పిన రోజు నుంచీ పెల్లెట్లు, అంటే దాని చిన్న గుళ్లు, ఒక చోట పడటం లేదు. క్లబ్ కోచ్ గారు దాన్ని కదలకుండా వైస్‌లో బిగించి, రకరకాల పెల్లెట్లతో కాల్చి చూశారు. అదే తీరు. చివరికి బ్యారెల్ (గొట్టం) మూతి చుట్టూ ఇయర్ బడ్ తిప్పితే ఒక చోట దూది పోగులు పట్టుకున్నాయి. కంటికి ఆనని గరుకు. పెల్లెట్ బయటపడే చోట ఆ మాత్రం ఉంటే చాలు, దారి తప్పడానికి. పది మీటర్ల పోటీలో నడిమి చుక్క అర మిల్లీమీటరే మరి. తయారీలో లోపం రావచ్చు, అది నేను అర్థం చేసుకోగలను.

ఆ తర్వాత మీవాళ్లు నన్ను తిప్పిన తీరే భరించలేకపోతున్నాను. "బ్యారెల్ ఫ్యాక్టరీలోనే బిగించి వస్తుంది సార్, మేం ముట్టుకోకూడదు" అని డీలరు. "డీలరుకే ఇవ్వండి" అని మీ కస్టమర్ కేర్. ఫోన్ చేసినప్పుడల్లా కొత్త గొంతు, మళ్లీ సీరియల్ నంబరు, మళ్లీ బిల్లు ఫోటో, మళ్లీ కథంతా మొదటి నుంచి. ఒకావిడ "పాపకు గురి కుదరడం లేదేమో, ఇంకొంచెం ప్రాక్టీస్ చేయించండి" అంది. వైస్‌లో బిగించిన రైఫిల్‌కు పాప గురితో పనేమిటమ్మా అంటే హోల్డ్‌లో పెట్టి, కాసేపు పాట వినిపించి, లైన్ కట్ చేసింది. ఇంకొకాయన బ్యారెల్‌ను పట్టి ఉంచే స్టాక్ విప్పి ఫోటోలు పంపమన్నాడు. పంపాను. ఆయన తర్వాత మాట్లాడినవాడు "మీరు విప్పారు కాబట్టి వారంటీ చెల్లదు" అన్నాడు! విప్పమన్నది మీ మనిషే. ఆ వాట్సాప్ మెసేజ్ నా దగ్గర భద్రంగా ఉంది. ఆఖరికి ఫోన్‌కు ఎస్సెమ్మెస్: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి.

మా పెద్దవాడు కాల్చడం నేర్చుకున్నది మీ రైఫిల్‌తోనే. క్లబ్‌లో చేరిన తెలుగువాళ్ల పిల్లలకు నేనే దగ్గరుండి మీదే కొనిపించాను. విదేశీది కొనగలిగినవాళ్లు కూడా నా మాట మీద ఆగారు. రేపు వాళ్ల రైఫిళ్లకూ ఇదే గతి పడితే నేనేం చెప్పాలి? అమ్మాయి పోటీలకు క్లబ్ రైఫిల్ అడుక్కుని వెళ్తోంది. దాని గురి చూసే సైట్ ఆమె కంటికి కుదరదు, వెనక ఆనించే మడమ (బట్) ఆమె భుజానికి కుదరదు.

బ్యారెల్ గురించి తెలిసిన మనిషి నాకు ఫోన్ చేయాలి. కొత్త బ్యారెల్ వేసి, ఫ్యాక్టరీలో కాల్చి చూసిన టార్గెట్ కాగితం జతచేసి పంపాలి. లేదంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చెన్నైలోనే కేసు వేయొచ్చు. ఇక తిరగాల్సింది మీరే.

ఇట్లు,
మీ పాత కస్టమరు,
పెరంబూరు, చెన్నై