సీసా చేతిలో పెట్టి సాగనంపారు, ఆ తర్వాత సంగతేమిటి? వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పొగ తాగడం మాన్పించేందుకని మాకు ఇచ్చిన పుక్కిలింపు మందు గురించి మేము పెట్టుకున్న అర్జీలకు రసీదులు వచ్చాయి గానీ జవాబులు రాలేదు. ఒక అర్జీని సంబంధిత విభాగానికి పంపినట్టు ఫోనుకు సందేశం వచ్చింది. ఆ విభాగం ఏదో కనుక్కుందామని వెళితే, అందుకోసం ఇంకో అర్జీ పెట్టుకోమన్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గనుక అడిగాం, అడిగినా పెట్టని చోటు ఉంటుందని ఇప్పుడు తెలిసింది. ఇక నలుగురూ చదివేలా రాయడమే దారి అని మా సంఘంలో అందరూ అనుకుని ఆ పని నాకు అప్పజెప్పారు. పొగ మాన్పించే పథకం సంగతులు తమకు తెలియనివి కావు కాబట్టి వాటిని ఏకరువు పెట్టను. అది మా దాకా వచ్చేసరికి ఏ రూపం తీసుకుందో మాత్రం విన్నవించుకుంటాను.

మేము హైదరాబాదులోని రాంనగర్, ఆజామాబాద్, ముషీరాబాద్ ప్రాంతాల్లో ఉంటున్న రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్లం, కండక్టర్లం. మాతోపాటు పారిశ్రామికవాడలో పనిచేసే హమాలీలు కొందరు ఉన్నారు. మా పక్కనే సిగరెట్ల కంపెనీ ఉంది, మేము బస్సు దిగే స్టాపు పేరు కూడా ఆ కంపెనీ పేరే, వీఎస్‌టీ (వజీర్ సుల్తాన్ టొబాకో), ఇందిరా పార్కు దగ్గర మొదలై 2023లో రాకపోకలకు తెరిచిన ఉక్కు వంతెన దిగేదీ అక్కడే. ఈ ఊరి పేరు చెబితే గుర్తొచ్చే చార్మినార్ పేరు ఇదే ఊళ్లో తయారైన సిగరెట్ పెట్టె మీద ఉండేది, నైట్ సర్వీసుల్లో నిద్ర ఆపుకోవడానికి మాలో చాలామంది దాన్నే ఆశ్రయించాం. ఇదంతా మాకు మేము తెచ్చుకున్నదే, అందుకు ప్రభుత్వాన్ని నిందించడం లేదు. మానాలని ముందుకు వచ్చినప్పుడు ఏం జరిగిందన్నదే ఈ లేఖ.

పొగాకు వ్యతిరేక దినమైన మే 31న మా పేటలో శిబిరం పెట్టారు. నగరంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి నుంచి వచ్చిన వాళ్లు ఉపన్యాసం ఇచ్చి, నల్లబడిన ఊపిరితిత్తుల బొమ్మలు చూపించి, మానతామని పేరు రాయించుకున్న ప్రతి ఒక్కరికీ ఒక్కో ప్లాస్టిక్ సీసా ఇచ్చారు. రోజుకు రెండు మూడు సార్లు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేయాలనీ, ఆ తర్వాత పొగ తాగితే నోరు చేదెక్కి సిగరెట్ మీద విరక్తి పుడుతుందనీ, సీసా అయిపోగానే వస్తే మరొకటి ఇస్తామనీ చెప్పారు. ఫొటోలు కూడా తీసుకున్నారు. ఆ ఫొటోల్లో మా చేతుల్లో ఉన్న సీసాలే మొదటివీ, చివరివీ.

మందు పనిచేయలేదని నేను అనడం లేదు. పుక్కిలించిన తర్వాత బీడీ ముట్టిస్తే తుప్పు పట్టిన ఇనుప కడ్డీని నాకినట్టు ఉండేది, రెండో దమ్ము లాగబుద్ధి అయ్యేది కాదు. మాలో కొందరు ఆ వారం నిజంగానే బాగా తగ్గించారు. అయితే అదే మందు వల్ల కొందరికి టీ రుచి కూడా చెడింది, ఇరానీ హోటల్లో కూర్చుని టీ తాగలేని మనిషికి హైదరాబాదులో ఇక మిగిలేది ఏముంటుందో తమరే ఆలోచించండి. మరికొందరు తెలివిగా, తాగాలనిపించిన పూట పుక్కిలించడమే మానేశారు. ఆ చేదు పుక్కిలించిన కొన్ని గంటల సేపే ఉంటుంది, లోపలి తపన మాత్రం ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడం గురించి మాకు శిబిరంలో ఎవరూ చెప్పలేదు.

ఇక ఆ సీసా గురించి కొంత వివరంగా చెప్పాలి. దాని మీద మందు పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, గడువు తేదీ లేదు, 'పుక్కిలించుటకు' అని పెన్నుతో రాసిన కాగితం ముక్క మాత్రం అంటించి ఉంది. మందుల దుకాణంలో జ్వరం బిళ్ల కొన్నా ఈ వివరాలన్నీ అట్ట మీద ఉంటాయి, 1945 నాటి ఔషధ నియమాలు అలా ఉండాలనే చెబుతున్నాయి. ఆ సీసా నుంచి ఒలికిన చుక్కలకు మా వేళ్ల మీద, తెల్లచొక్కాల మీద నల్లటి మరకలు పడ్డాయి. సబ్బుకు పోలేదు, చాకలి సోడాకూ పోలేదు. ఒకప్పుడు మా వీధిలోనే ఫొటో స్టూడియో నడిపిన పెద్దాయన ఆ మరకలు చూసి, ఇది వెండి ఉప్పు, డార్క్‌రూమ్ రోజుల్లో నా చేతులన్నీ ఇలాగే ఉండేవి అన్నారు. ఆసుపత్రిలో ఫార్మసీ కిటికీ దగ్గర గట్టిగా అడిగితే, అవును, సిల్వర్ నైట్రేట్ ద్రావణమే అని ఒప్పుకున్నారు. మా నోట్లో ఏం పోసుకుంటున్నామో ఫొటోగ్రాఫర్ చెబితే గానీ తెలియకపోవడం ఏ కార్యక్రమానికీ గౌరవం కాదని మనవి.

సిల్వర్ నైట్రేట్‌కు వెలుతురు పడదు. అందుకే దాన్ని ముదురు గోధుమరంగు సీసాలో పోసి చీకట్లో ఉంచాలంటారు. మాకు ఇచ్చినవి నీళ్ల సీసాల్లా తెల్లగా, పారదర్శకంగా ఉన్నాయి, మేమూ వాటిని వాష్‌బేసిన్ పక్కన కిటికీలో పెట్టుకున్నాం. కొద్ది రోజులకే మందు బూడిదరంగుకు తిరిగింది. దాన్ని వాడాలా పారబోయాలా అని అడగడానికి ఫోను నంబరు కూడా లేదు. మా సభ్యుల్లో చూపు సరిగా ఆనని ఒక పెద్దమనిషి అది దగ్గుమందనుకుని ఒక మూత తాగేశారు. కడుపులో మంటతో ఆ రాత్రంతా అవస్థ పడి, తెల్లవారాక డాక్టరుకు చూపించుకుని కోలుకున్నారు. మింగకూడదు అన్న ఒక్క మాట అచ్చువేయించి అంటించడానికి ఎంత ఖర్చవుతుందో తమ శాఖ లెక్కగట్టి చెబితే, మా పింఛన్ల నుంచి చందాలు వేసుకుని ఆ మొత్తం మేమే కట్టేస్తాం.

సీసా అయిపోయిన తర్వాత కథ ఇంకా విచిత్రం. ఓపీ చీటీ తీసుకుని వరుసలో నిలబడితే, ఆ మందు ఇక్కడ కాదు, పొగాకు మాన్పించే గదిలో అడగమన్నారు. ఆ గది తలుపు మీద బోర్డు చక్కగా ఉంది, తలుపుకు తాళమూ చక్కగానే ఉంది. కౌన్సెలర్ గారు వేరే డ్యూటీలో ఉన్నారని, రేపు రమ్మని చెప్పారు. రేపు వెళ్తే మందు స్టాకు లేదు, ఇండెంట్ పెట్టాం అన్నారు. ఆ తర్వాత వెళ్తే అది శిబిరం కోసమే తెప్పించిన మందు, ఆసుపత్రి జాబితాలో అసలు లేదు అన్నారు. జాబితాలో లేని మందును వందల చేతుల్లో ఎలా పెట్టారు అని అడిగితే, పెద్దాయనా, బయట మెడికల్ షాపులో ఏదైనా మౌత్‌వాష్ కొనుక్కోండి, అన్నీ ఒకటే అని సలహా ఇచ్చారు. అన్నీ ఒకటి కావు. నోటి వాసనకు వాడే మౌత్‌వాష్ సిగరెట్ మాన్పించదు, పైగా కంపు పోతుంది కాబట్టి ఇంట్లో వాళ్లకు తెలియకుండా తాగడానికి అనువుగా ఉంటుంది.

మంత్రి గారూ, ఈ విషయం తెలుసుకోవడానికి నేను చదవగలిగినంత చదివాను. వెండి లవణాలతో సిగరెట్ మాన్పించే ప్రయత్నం కొత్తదేమీ కాదు, సిల్వర్ అసిటేట్‌తో చూయింగ్ గమ్, బిళ్లలు విదేశాల్లో ఏళ్ల క్రితమే చేసి చూశారు. ఆ పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధనా సంస్థ సమీక్ష 2012లో చెప్పింది ఏమిటంటే, దానివల్ల పొగ పూర్తిగా మానేస్తారనడానికి తగిన ఆధారం కనిపించలేదని. వెండి ఒంట్లో ఎక్కువగా చేరితే చర్మం నీలి బూడిదరంగుకు మారుతుంది, ఆ రంగు మళ్లీ పోదు. ఈ మాట ఫార్మసీ వాళ్లకు తెలిసే ఉంటుంది, మాకు మాత్రం చెప్పలేదు. చేదు పుట్టించి భయపెట్టే మందు కొద్ది రోజులకు తోడుగా ఉంటే ఉండవచ్చు, దానినే వైద్యమంతా అనుకోమనడం న్యాయం కాదు.

పొగ పీల్చిన కొద్ది సెకన్లకే పొగాకులోని నికోటిన్ మెదడుకు చేరుతుంది, మానేసిన మనిషిని మొదటి వారంలో చిరాకు, నిద్రలేమి, ఆకలి, తపన పట్టి కుదిపేస్తాయి. దాన్ని తట్టుకోవడానికే పొగ లేకుండా కొద్దిగా నికోటిన్ అందించే గమ్, పట్టీ ఉన్నాయి. వాటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది, మన దేశ జాబితాలో 2022లో చేర్చారు. అత్యవసరం అని రాసుకున్న ఆ మందు మా పేటలో ఏ బస్తీ దవాఖానాలోనూ నా కంటబడలేదు. బయట కొందామంటే, మొదటి ఆరు వారాలు మెలకువగా ఉన్నంతసేపు గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున నమలాలి, ఆ తర్వాత కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ మరో ఆరు వారాలు వాడాలి. హమాలీ పనిచేసేవాడికి బీడీ కట్ట కొన్న డబ్బుతో అది రాదు. నిద్రలేవగానే అరగంటలోపే ముట్టించేవాళ్లకు 4 మిల్లీగ్రాముల గమ్ కావాలి, దానికి డాక్టరు చీటీ ఉండాలి, ఆ చీటీ రాసేవారు తాళం వేసిన గదిలో ఉంటారు.

గమ్ నమలడం కూడా నేర్పాల్సిన పనే. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి మింగితే ఎక్కిళ్లు, వికారం తప్ప ప్రయోజనం ఉండదు. కాస్త నమిలి, ఘాటు తెలియగానే చిగురుకూ బుగ్గకూ మధ్య ఒత్తిపెట్టి ఉంచాలి. నమలడానికి పావుగంట ముందు నుంచీ కాఫీ, కూల్‌డ్రింకు తాగకూడదు, తాగితే నికోటిన్ నోటి నుంచి సరిగా ఒంటికి పట్టదు. కట్టుడు పళ్లున్న మాలాంటి వాళ్లకు గమ్ పళ్లకు అతుక్కుపోతుంది కాబట్టి చర్మానికి అతికించే పట్టీయో, చప్పరించే బిళ్లో కావాలి. ఇవన్నీ కౌన్సెలర్ కూర్చుని చెప్పాల్సిన సంగతులు. నేను పుస్తకాలు చూసి మా సంఘం గదిలో చెబుతున్నాను, ఆ జీతం నాకు ఇవ్వమని మాత్రం అడగడం లేదు.

పొగాకు మానాలనుకునేవారి ఉచిత సహాయవాణి 1800 11 2356కు ఫోను చేయండి అని ఎవరైనా అధికారి జవాబు రాసే ముందే మనవి చేస్తాను, మాకు ఆ నంబరు తెలుసు. 2018 సెప్టెంబరు నుంచి ప్రతి సిగరెట్ పెట్టె మీదా అది అచ్చవుతోంది. ఫోనులో మాట్లాడేవారు ఓపికగానే మాట్లాడతారు, ధైర్యం చెబుతారు, వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఫోను లోంచి మందు రాదు, మందు కోసం దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లమని వాళ్లూ చెబుతారు. పైగా పాన్ డబ్బా దగ్గర ఒక్కో సిగరెట్ విడిగా కొనేవాడి కంట ఆ పెట్టె పడదు, ఆ నంబరూ పడదు.

మానమని ఆదేశించడంలో ప్రభుత్వాలు ఎన్నడూ వెనకబడలేదు. బహిరంగ ప్రదేశంలో తాగితే 200 రూపాయల దాకా జరిమానా, 2019లో ఈ-సిగరెట్ల నిషేధం, 2024 ఫిబ్రవరిలో మన శాసనసభలో హుక్కా పార్లర్ల మీద నిషేధం, అదే ఏడాది మే నెలలో గుట్కా మీద నిషేధం. వీటిలో దేనికీ నేను వ్యతిరేకిని కాను. 2016-17 సర్వేలో తెలంగాణ పెద్దల్లో 17.8 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది, అంతమందికీ జరిమానా వేయవచ్చు, కానీ వాళ్లలో మానాలనుకుని తలుపు తట్టినవాడికి ఒక పట్టీ, ఒక మంచి మాట ఇచ్చే గది తెరిచి ఉండకూడదా?

మా అర్జీల్లో రాసినదే మళ్లీ రాస్తున్నాను. శిబిరంలో ఇచ్చిన మందు ఏమిటో, ఎంత గాఢత గలదో, ఎవరు తయారుచేశారో, ఎన్నాళ్లు వాడవచ్చో తెలుగులో, ఉర్దూలో మాకు రాతపూర్వకంగా చెప్పించండి. అది సురక్షితమే అయితే సరైన సీసాలో, సరైన లేబులుతో ఇప్పించండి, కాకపోతే కాదని చెప్పి ఇళ్లలో మిగిలినవి వెనక్కి తీసుకోండి. నికోటిన్ గమ్, పట్టీలు బస్తీ దవాఖానాల్లో ఉచితంగా దొరికేలా చూడండి. కౌన్సెలర్ ఏ రోజు, ఏ వేళ ఉంటారో ఆ తలుపు మీద రాయించండి, రాసిన వేళకు తాళం తీయించండి. వచ్చే మే 31న మళ్లీ శిబిరం పెట్టే ఆలోచన ఉంటే, దయచేసి మందు ముందు తెప్పించుకుని ఫొటోగ్రాఫర్‌ను ఆ తర్వాత పిలిపించండి.

మాలో కొందరు ఇప్పటికీ తాగడం లేదు, వాళ్లు ఎలా నిలబడ్డారో వాళ్లకే తెలియదు. ఎక్కువమంది మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ మానడానికి ఎవరు సిద్ధంగా ఉన్నారని మొన్నటి సమావేశంలో అడిగితే, ఆ నల్ల మరకల మందు తప్ప ఏదిచ్చినా సిద్ధమే అన్నారు. వాళ్ల పేర్లు రాసిన జాబితా మా దగ్గర ఉంది, ఎవరైనా అధికారి అడిగితే అదే రోజు అందజేస్తాం. మా సంఘం చిరునామా, ఫోను నంబరు తమ ముందున్న ప్రతి అర్జీ కింద రాసి ఉన్నాయి.

ఇట్లు,
ఆర్టీసీ రిటైర్డ్ కార్మికుల తరఫున,
ఒక మాజీ కండక్టర్,
రాంనగర్, హైదరాబాద్.