పర్లాకిమిడి పగటి వేషాల జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన ఇంటివారందరికీ కమిటీ నమస్కరించి విన్నవించునది. సంక్రాంతి వెళ్లాక మన వీధుల్లో ఐదు రోజులు ఆడించిన పగటి వేషాల లెక్క ఇది.

నిరుటి నిల్వ రూ. 2,340, అరవై నాలుగు ఇళ్ల చందాలు రూ. 31,200, బజారు దుకాణాల వారిచ్చినది రూ. 14,500, ఆఖరి రోజు పళ్లెంలో పడినది రూ. 3,860, వెరసి జమ రూ. 51,900. మూడు బస్తాల బియ్యమిచ్చినవారు వెల కట్టవద్దన్నారు గనుక అది ఇందులో చేరలేదు.

పళ్లెం సొమ్ము కమిటీది కాదా అని కొందరు అడిగారు. రోజుకొక వేషం కట్టి ఇల్లిల్లూ తిరిగిన కళాకారులు చివరినాడు వేషం విప్పి, మామూలు బట్టలతో వచ్చి సంభావన అందుకోవడం ఆనవాయితీ. ఆ డబ్బు వారిదే. పళ్లెం పట్టినవారు మన కుర్రవాళ్లు కావడంతో అది మన రసీదు పుస్తకంలోకి ఎక్కింది కాబట్టి, జమలో చూపిన మొత్తాన్నే ఖర్చులోనూ చూపాము.

కళాకారుల పారితోషికం రూ. 22,000, పళ్లెం సొమ్ము రూ. 3,860, రాకపోకలు రూ. 3,400, భోజనాలు రూ. 4,720, పందిరి రూ. 5,500, తెలుగు, ఒడియా కరపత్రాలు రూ. 900. రంగులు, సామగ్రికి అయిన రూ. 2,850లో గొప్పలు కోసే పిట్టలదొర వేషానికి కావలసిన కర్ర తుపాకీకే రూ. 600 అయింది. అది ఎక్కువేనని ఒప్పుకుంటాము గాని, ఆ తుపాకీ భుజాన వేసుకుని "మహేంద్రతనయ నీళ్లన్నీ నావే బావూ, ఎండాకాలం మూటగట్టి అటక మీద దాసినాను" అని దొర కోసిన కోతకు ఒడియా ఇళ్ల పిల్లలు సైతం అరుగుల మీద పడి నవ్వారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మన ఊరు ఇటు ఒడిశాలోకి, పక్కనున్న పాతపట్నం అటు తెలుగు నాటికి పోయినా, ఆ యాసకు ఇక్కడ ఎవరూ అర్థం అడగలేదు.

మైకుకు పెట్టిన రూ. 6,500 మాత్రం దండగే. గుమ్మం ముందు నిలబడి ఇంటివారితో మాటకు మాట అనే సోమయాజులు, సోమిదేవమ్మ అనే ఆలుమగల వేషాల సరసం పందిట్లో గొట్టం ముందు తేలిపోయింది. మైకు వద్దన్న పెద్దల మాట మేమే వినలేదు.

మొత్తం ఖర్చు రూ. 49,730, నిల్వ రూ. 2,170. రసీదులు, బిల్లులు కోశాధికారి ఇంట ఎవరైనా చూడవచ్చు. ఒకరు రాయించిన రూ. 500 ఇంకా రాలేదు. పేరు ప్రకటించడం లేదు, వారికే తెలుసు.

ఇట్లు,
కమిటీ తరఫున కార్యదర్శి