తలసరి ఆదాయం లెక్కలో కనిపించని వలసలు

సంపాదక మహాశయులకు,

నమస్కారాలు. జిల్లాల తలసరి ఆదాయాల్లోని అంతరాలపై కొంతకాలంగా మీ పత్రికలో వస్తున్న వ్యాసాలను శ్రద్ధగా చదువుతున్నాను. రంగారెడ్డి జిల్లా అగ్రస్థానంలో ఉండగా దాన్ని ఆనుకునే ఉన్న వికారాబాద్ చివరి వరసలో ఎందుకు మిగిలిందన్న ప్రశ్నకు వ్యాసకర్తలు పరిశ్రమలు, ఐటీ, భూముల ధరలు కారణాలుగా చూపారు. వాటిని కాదనలేం. అయితే ఆ చర్చంతా తలసరి ఆదాయం అనే ఒకే అంకెను నమ్ముకుని సాగింది. ఆ అంకె ఎలా పుడుతుందో చూడకుండా ఏ జిల్లా వెనుకబడిందో, ఏది ముందుకు పోయిందో తేల్చెయ్యడం తొందరపాటని నా అభిప్రాయం.

మన దేశంలో రాష్ట్ర, జిల్లా ఉత్పత్తులను ఆదాయం ఎక్కడ పుట్టిందన్న పద్ధతిలో లెక్క కడతారు. అది చివరికి ఎవరి చేతికి చేరిందన్న విషయం అందులోకి రాదు. హద్దులు దాటి వచ్చిపోయే కూలి డబ్బు, లాభాలు, వడ్డీలు ఎంతో చెప్పే సమాచారం లేకపోవడమే ఇందుకు కారణం. గణాంక శాఖలు ఈ సంగతిని దాచడమూ లేదు. కాకపోతే కరెంటు పుట్టే జిల్లాల విషయంలో, కూలీలు బయటికి పోయే జిల్లాల విషయంలో ఈ లోపం చిన్నది కాదు. రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం సృష్టించే విలువ పెద్దపల్లి జిల్లా ఖాతాలో చేరుతుంది. ఆ కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పోతుంది, లాభం కంపెనీకి పోతుంది, తలసరి భాగహారంలో మాత్రం ఆ మొత్తం అక్కడి వరి రైతుకూ బీడీ కార్మికురాలికీ సమానంగా పంచినట్టు కనబడుతుంది.

పాత కర్నూలు జిల్లా పరిస్థితి ఇంకా విచిత్రమైనది. గని, శకునాల గ్రామాల పరిధిలో దాదాపు ఆరు వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పూర్తయింది. నిర్మాణం సాగినన్నాళ్లు పనులు దొరికాయి గానీ, అది ముగిశాక మిగిలేవి పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా కాయడం వంటి కొద్దిపాటి పనులే. అదే జిల్లా పడమటి మండలాలైన కోసిగి, కౌతాళం, పెద్దకడబూరుల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇళ్లకు తాళాలు వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు, ప్రకాశం వైపు మిరప కోతలకు సుగ్గికి (కోతకాలపు వలసకు) పోతున్నాయి. వాళ్ల చెమట అక్కడి జిల్లాల ఉత్పత్తిలో జమ అవుతుంది, వాళ్లు ముడివేసుకుని తెచ్చుకున్న కూలి డబ్బు సొంత జిల్లా లెక్కలో ఎక్కడా కనబడదు. ఊళ్లో లేని మనుషుల ఆదాయం లెక్కకు రాకుండా, ఊరికి దక్కని కరెంటు ఆదాయం లెక్కకు వచ్చే అంకెను పట్టుకుని నిధులు పంచడం ఎంతవరకు సబబో ఆలోచించాలి.

వలసలను లెక్కించే తీరులోనూ ఇంతే చిక్కు ఉంది. 2011 జనగణన ప్రకారం దేశంలో వలసదారులు 45 కోట్ల పైచిలుకు. అందులో చాలా పెద్ద భాగం పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన స్త్రీలదే. దానికి సంబంధించిన పట్టికలు చాలావరకు 2019 దాకా వెలువడనే లేదు. నాలుగు నెలలు పోయి తిరిగొచ్చే కూలీలను పట్టుకోవడానికి 2007-08 నాటి జాతీయ నమూనా సర్వే ఒక నిర్వచనం పెట్టుకుంది: గడిచిన ఏడాదిలో పని కోసం నెలకు తక్కువ కాకుండా, ఆరు నెలలు నిండకుండా ఊరు విడిచి ఉన్నవారు తాత్కాలిక వలసదారులు. ఆ సర్వే సమాచారాన్ని వాడుకుని క్లెమాన్ ఇంబెర్, జాన్ పాప్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన మన పాలకులు తప్పక చదవవలసినది. ఉపాధి హామీ దశలవారీగా, 2006లో కొన్ని జిల్లాల్లో, 2007లో మరికొన్నింట్లో, 2008లో మిగిలినచోట్ల అమలైంది కనుక ముందు వచ్చిన జిల్లాలను వెనక వచ్చినవాటితో పోల్చి చూశారు. (ఆ అమలు 2006 ఫిబ్రవరిలో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైందన్నది మనవాళ్లు మరిచిపోతున్న విషయం.) పథకం పనులు దొరికినచోట తాత్కాలిక వలస తగ్గిందనీ, కూలీల రాక తగ్గిన పట్టణాల్లో కూలి రేట్లు పెరిగాయనీ వారు తేల్చారు. పట్నంలో ఎక్కువ కూలి వస్తుందని తెలిసీ, దాన్ని వదులుకుని తక్కువ కూలికి సొంత ఊళ్లోనే ఉండిపోవడానికి జనం సిద్ధపడ్డారన్నది వారి మరో నిర్ధారణ. పల్లె జనానికి ఇది కొత్త సంగతేమీ కాదు గానీ, అంకెలతో రుజువు కావడం వేరు.

కైవన్ మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్ 2016లో ప్రచురించిన పరిశోధన మరో కోణం చూపింది. కష్టకాలంలో అప్పూ ఆసరా ఇచ్చే కులసంబంధాల వల తెగిపోతుందన్న భయంతోనే మన పల్లెల్లో మగవాళ్లు శాశ్వతంగా ఊరు వదలరని వారి వాదన. పాలమూరుకు ఇది సగమే వర్తిస్తుందని నాకనిపిస్తుంది. ఇక్కడ గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి, చుట్టాలూ పక్కాలూ కలిసిన గుంపును మొత్తంగా తీసుకుపోతాడు కనుక ఆ వల కూడా వాళ్ల వెంటే ప్రయాణమవుతుంది. తీరని అప్పు కూడా దాంతోపాటే.

ఇక విద్యుత్తు, దానికి ఆధారమైన బొగ్గు సంగతి. తెలంగాణ వలసల్ని గురించి చెప్పేటప్పుడు బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని వెనకటి నుంచీ అనడం ఉంది. అందులో మొదటి దారి దాదాపు మూసుకుపోయింది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు సుమారు రెండు కోట్ల టన్నుల బొగ్గు తీసేవారు. ఇప్పుడు యంత్రాలతో పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల పుణ్యమా అని సుమారు నలభై వేల మంది పర్మినెంటు కార్మికులు, కాంట్రాక్టు కార్మికులతో కలిసి, ఏడు కోట్ల టన్నులకు అటూ ఇటూగా తీస్తున్నారు. ఉత్పత్తి పెరిగితే ఉద్యోగాలు వాటంతట అవే వస్తాయన్న వాదనకు ఇంతకన్నా గట్టి జవాబు లేదు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర మూడు దశల్లో కృష్ణా నీళ్లను ఎత్తిపోసే కల్వకుర్తి పథకం పూర్తిగా కరెంటు మీద నడిచేదే. ఆ నీళ్లు పారిన ఊళ్లలో రెండో పంట పండుతోంది. వలస పోయినవాళ్లు తిరిగొచ్చారని నాయకులు వేదికల మీద చెబుతున్నారు. మరోపక్క తెలంగాణలో వరి నాట్లకు బిహార్, పశ్చిమ బెంగాల్ కూలీలు వస్తున్నారు. అంటే కరెంటు ఖర్చుతో ఒక జిల్లా వలసను ఆపగలిగామా, లేక వలస పోయేవాళ్ల ఊళ్లు మాత్రమే మారాయా? తిరిగొచ్చిన కుటుంబాల్లో ఎంతమందికి నీరు పారే భూమి ఉంది, ఎంతమంది కౌలుకు చేస్తున్నారు? ఇవి కొలిచి చెప్పవలసిన ప్రశ్నలు, ఉపన్యాసాలతో తేలేవి కావు.

పన్నుల విషయం క్లుప్తంగా చెబుతాను. బొగ్గు తవ్వే జిల్లాకు 2015 చట్ట సవరణతో, గనుల కంపెనీలు కట్టే సొమ్ముతో నడిచే జిల్లా ఖనిజ నిధి అయినా దక్కింది. కరెంటు మీద పన్ను మాత్రం వాడుకునే చోట వసూలవుతుంది, పుట్టిన చోట కాదు. ఎండనూ గాలినీ కరెంటుగా మార్చి పంపే రాయలసీమ మండలాలకు ఖనిజ నిధివంటిదేదీ లేదు.

చివరగా ఒక ఆచరణాత్మకమైన విన్నపం. తదుపరి జనగణనకు ప్రామాణిక తేదీగా 2027 మార్చి 1ని కేంద్రం నోటిఫై చేసింది. ఆ ముందటి ఫిబ్రవరి సరిగ్గా మిరప కోతల కాలం. ఎన్యూమరేటర్లు కోసిగి వెళ్లేసరికి చాలా ఇళ్లకు తాళాలు ఉంటాయి. ఆ కుటుంబాలు పల్నాడు చేలగట్ల మీద గుడారాల్లో ఉంటాయి. అక్కడ వాళ్లను వెతికి లెక్కించే ఏర్పాటును రెండు జిల్లాల అధికారులు ఇప్పటినుంచే చేసుకోవాలి. దీనితోపాటు అర్థగణాంక శాఖలు జిల్లా ఉత్పత్తిని ప్రకటించేటప్పుడు విద్యుత్తు, గనుల వాటాను విడిగా చూపి, అవి తీసేస్తే తలసరి ఎంతో పక్కనే ముద్రించాలి. వలస మండలాల్లో సొంతంగా ఒక నమూనా సర్వే కూడా జరిపించాలి. అయితే ఆ సర్వే అందరూ ఇళ్లకు చేరే జూన్‌లో కాకుండా జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే జరగాలి.

ఇట్లు,
విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
మహబూబ్‌నగర్