చికెన్ బ్రెస్ట్‌కి పొగ పట్టించడం గురించి శీనూకి

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. నాలుగు గంటలు పొగలో ఉంచినా చికెన్ బ్రెస్ట్ కొబ్బరిపీచులా వచ్చిందన్నావు. నాలుగు గంటలు ఉంచావు కాబట్టే అలా వచ్చిందిరా. మీ టెక్సస్‌లో ఎవర్ని కదిపినా బ్రిస్కెట్ (ఆవు రొమ్ము మాంసం) గురించే చెబుతారు, నువ్వు ఆ లెక్కే దీనికీ వేశావు. బ్రిస్కెట్ నిండా కొవ్వూ, కండని పట్టి ఉంచే కొలాజెన్ అనే గట్టి పదార్థమూ ఉంటాయి. లోపల 200 డిగ్రీల దాకా వెళ్తేగానీ ఆ కొలాజెన్ కరిగి మాంసం మెత్తబడదు. బ్రెస్ట్‌లో అలా కరగడానికి ఏమీ లేదు, ఉన్న కొవ్వు నూటికి రెండు మూడు పాళ్లే. 165 దాటిన కొద్దీ కండ బిగుసుకుపోయి, తడిబట్ట పిండినట్టు తనలో నీళ్లన్నీ తనే పిండేసుకుంటుంది. బ్రెస్ట్‌కి పొగ పట్టించడం గంట, మహా అయితే గంటుంబావులో అయిపోయే పని. (నీ గ్రిల్లు లెక్క కాబట్టి డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే రాస్తున్నా.)

ముక్కల దగ్గర మొదలుపెడదాం. ఒక్కోటి పావుకిలో లోపు ఉన్నవి, అన్నీ ఇంచుమించు ఒకే సైజువి ఏరుకో. అరచేయంత లావున, మీద తెల్ల చారలతో, నొక్కితే చెక్కలా గట్టిగా ఉన్నవి వద్దు. బాగా బరువు పెరిగిన కోళ్లలో వచ్చే జబ్బది, ఎంత జాగ్రత్తగా వండినా కరకరలాడతాయి. ఒక కొస లావుగా, ఇంకో కొస తోకలా సన్నగా ఉంటుంది కదా, ఆ లావు వైపు ప్లాస్టిక్ కవర్ కప్పి అప్పడాల కర్రతో నాలుగు దెబ్బలు వెయ్యి. ముక్క అంతా అంగుళం పైచిలుకు మందంలో సమంగా ఉండాలి. ఈ పని చెయ్యకపోతే లావు వైపు ఉడికేలోపు తోక ఎండుతుంది. ముక్కల్ని కుళాయి కింద కడగడం మాత్రం మానెయ్. ఆ చిందులతో సింకు అంతా క్రిములు పాకుతాయి. కాగితంతో అద్దితే చాలు.

ఇప్పుడు ఉప్పు. నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది దీని గురించే. కిలో మాంసానికి 15 గ్రాములు, తూకం వేసి పట్టించు. చెంచాలతో కొలవకు. చెంచాడు మామూలు ఉప్పు 6 గ్రాములు తూగితే, డైమండ్ క్రిస్టల్ కంపెనీ కోషర్ ఉప్పు (బరకగా, తేలిగ్గా ఉండే రకం) అందులో సగమే తూగుతుంది. దాంతోపాటు 5 గ్రాముల చక్కెర, 6 గ్రాముల కాశ్మీరీ కారం, 3 గ్రాముల మిరియాల పొడి, 3 గ్రాముల వెల్లుల్లి పొడి. జాలీ మీద పరిచి మూత లేకుండా ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు, కుదిరితే రాత్రంతా ఉంచు. ఉప్పు మొదట నీళ్లు బయటికి లాగుతుంది, తర్వాత ఆ ఉప్పునీళ్లే మళ్లీ లోపలికి ఇంకుతాయి. ఉప్పు పట్టిన కండ వేడికి అంతగా ముడుచుకోదు, నీళ్లు వదలదు. పైభాగం ఆరి వేలికి కాస్త జిగురుగా తగలాలి. ఇంకో మాట. ప్యాకెట్ మీద సన్నక్షరాల్లో చికెన్ బ్రాత్ గానీ సొల్యూషన్ గానీ ఇంత శాతం కలిపామని ఉందేమో చూడు. ఉంటే ఆ మాంసంలో ఉప్పు అప్పటికే ఎక్కించేశారన్నమాట, నీ ఉప్పు సగానికి తగ్గించు.

మనవాళ్ల అలవాటు కొద్దీ అల్లంవెల్లుల్లి ముద్ద, పెరుగు పట్టిద్దామని నీకు చెయ్యి లాగుతుంది. నిప్పుల మీద సెగ తగిలే తందూరీకి అది బాగుంటుంది. ఇంత తక్కువ వేడికి అల్లం పచ్చివాసన పోదు. పైగా పచ్చి అల్లంలో మాంసాన్ని అరిగించే గుణం ఉంది, రాత్రంతా ఉంచితే పైపొర పిండిపిండిగా అయిపోతుంది.

నిప్పు సంగతి. నీ 22 అంగుళాల కెటిల్ గ్రిల్లులో (మూతున్న గుండ్రటిది) ఒక పక్కన 25, 30 వెలిగించని బ్రికెట్లు, అదే బొగ్గు అచ్చులు, కుప్పగా పోసి, చిమ్నీలో (బొగ్గులు రాజేసే రేకు గొట్టం) ఎర్రగా కాలిన పది పన్నెండు వాటి మీద వెయ్యి. ఒకదాన్నించి ఒకటి అంటుకుంటూ నెమ్మదిగా కాలతాయి. లైటర్ ఫ్లూయిడ్ పట్టించి అమ్మే బ్రికెట్లు ఇక్కడ అస్సలు పనికిరావు. వంట నడుస్తుండగా కొత్తది అంటుకున్నప్పుడల్లా ఆ నూనె కంపు మాంసానికి పడుతుంది. రెండో పక్కన అడుగున అల్యూమినియం ట్రేలో వేణ్ణీళ్లు పోసి, దానికి సరిగ్గా పైన జాలీ మీద మాంసం పెట్టు. మూత రంధ్రం మాంసం వైపు తిప్పి పూర్తిగా తెరిచి ఉంచు, కింది రంధ్రం పావువంతు తెరువు. వేడి పెంచినా తగ్గించినా కింది దాంతోనే. మంట తగ్గిద్దామని పైది మూశావో, పొగ లోపలే మగ్గి మసి పడుతుంది, నాలిక మొద్దుబారేంత చేదు. కావలసింది జాలీ దగ్గర 250. మూతకున్న థర్మామీటరు పైకెక్కిన వేడిగాలిని కొలుస్తుంది, దాన్ని నమ్మకు. జాలీకి తగిలించే ప్రోబ్ థర్మామీటరు వాడు.

కర్ర ఆపిల్‌ది గానీ చెర్రీది గానీ పిడికెడంత ముక్క ఒకటి, లేదా రెండు చిన్నవి. అంతకు మించి అక్కర్లేదు. ఇంకా ఘాటు పొగ వచ్చే హికరీ కర్ర అయితే అందులో సగం. మీ దగ్గర చవగ్గా దొరికే మెస్కీట్ మన పొలాల గట్ల మీద సర్కారు తుమ్మకి అన్నదమ్ముల వరస, దాని పొగ బ్రెస్ట్‌కి మరీ ఘాటు. కర్రని నీళ్లలో నానబెట్టకు. నీళ్లు పై నూలుపోగంతే తడుపుతాయి, ఆ తడి ఆరేదాకా వచ్చేది ఆవిరి, మురికి తెల్లపొగ. కర్ర వేశాక పావుగంట ఆగు. మొదట గడ్డివాము అంటుకున్నట్టు దట్టంగా వస్తుంది. అది పలచబడి, ఎండకి అడ్డంగా చూస్తే లేత నీలంగా, ఉందా లేదా అన్నట్టు కనబడినప్పుడు మాంసం పెట్టు. ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టే పెట్టు, చల్లటి ముక్కకే పొగ బాగా అంటుకుంటుంది. కాస్త నూనె రాస్తే చాలు.

ఆ తర్వాత 45 నిమిషాల దాకా మూత ముట్టుకోకు. తీసినప్పుడల్లా వేడి పోతుంది, గాలి దూరి బొగ్గులు రాజుకుంటాయి. 45 దాటాక ముల్లు థర్మామీటరు పైనుంచి కాకుండా లావు వైపు పక్కనుంచి అడ్డంగా గుచ్చు. కాస్త లోతుగా దించి, మెల్లగా వెనక్కి లాగుతూ అంకెలు చూడు. అన్నిటికన్నా తక్కువ ఎక్కడ చూపించిందో అదే ముక్కకి అసలైన మధ్య. 160 రాగానే తీసి, అల్యూమినియం రేకు వదులుగా కప్పి పది నిమిషాలు ఉంచు, ఇంకో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పేది 165, అంటే మన లెక్కలో 74 సెల్సియస్. ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దవాళ్లు, గర్భిణులు తింటుంటే 165 కళ్లారా చూశాకే తియ్యి. ముక్కలన్నీ ఒకేసారి అవవు, ఏది అయితే అది తీసెయ్.

కోసినప్పుడు అంచు చుట్టూ గులాబీ రంగు కనిపిస్తే పచ్చిగా ఉందని మళ్లీ పొయ్యి మీద పెట్టకు. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ కండలోని రంగు పదార్థాన్ని పట్టుకుంటే వచ్చే రంగది. ఉడికిందా లేదా అన్నది ముల్లు చెప్పాలి, రంగు చెప్పదు. కండ గీతలు చూసుకుని వాటికి అడ్డంగా కొయ్యి.

పొగబెట్టాం కదా ఎండుచేపలా నిలవుంటుందనుకునేవు, ఉండదు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి, మూడు నాలుగు రోజుల్లో తినేసెయ్యాలి. తీసిన పూట పొగ కాస్త ఘాటుగా అనిపిస్తుంది గానీ మర్నాటికి సర్దుకుంటుంది. చల్లటిదాన్ని పల్చగా కోసి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి పెసరట్టులో పెట్టుకుని చూడు. కూరలో, పులావులో వేస్తే పొయ్యి కట్టేశాకే కలుపు, ఉడకనిస్తే మళ్లీ ఆ కొబ్బరిపీచే.

వానొచ్చిందని గ్రిల్లుని గరాజ్‌లోకి మాత్రం లాక్కెళ్లకు, తలుపు తెరిచే ఉన్నా సరే. బొగ్గుల కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు.

ఈసారి రెండు ముక్కలతోనే మొదలుపెట్టు. జాలీ దగ్గర వేడి ఎంత ఉంది, ఎన్ని నిమిషాలకి 160 వచ్చింది, ఆ రెండు అంకెలు నాకు రాయి. ఎక్కడ సర్దుకోవాలో చెబుతా.

నీ
కిట్టు