చేతులు కట్టుకుంటే పొగరా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మనిషి వాలకాన్ని బట్టి మనసు ఎలా తెలుసుకోవాలో చెబుతూ వచ్చిన బొమ్మల వ్యాసాన్ని మా ఆవిడా నేనూ కలిసి చదివాం. చేతులు కట్టుకుంటే ఎదుటివాడి మాట గిట్టనట్టట. చెవి పట్టుకుంటే అబద్ధమట. కళ్లలోకి చూడకపోతే ఏదో దాస్తున్నట్టట. బొమ్మల్లో ఉన్నవాళ్లంతా కోట్లు తొడుక్కున్నవాళ్లే. నేను 31 ఏళ్లు నరసాపురం, పాలకొల్లు, భీమవరం దారుల్లో బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. మొహాలు చూడటమే ఉద్యోగం కాబట్టి నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

ముందు చేతుల సంగతి. మా బళ్లో మాస్టారు లోపలికి రాగానే అనే మొదటి మాట "చేతులు కట్టుకోండర్రా" అని. పెద్దవాళ్ల ముందు అలా నిలబడటం మనకు వినయం. బ్యాంకు మేనేజరు ముందు మా ఊరి రైతు ఇప్పటికీ అలాగే నిలబడతాడు. మీ బొమ్మ ప్రకారం ఆయన అప్పు అడగడానికి కాదు, దెబ్బలాటకు వచ్చినట్టు! కళ్ల సంగతీ అంతే. తిట్టేటప్పుడు పిల్లాడు తలెత్తి చూస్తే "గుడ్లురుముతున్నావా?" అంటాం. దించుకుంటే "తప్పు చేశావు కాబట్టే తలొంచావు" అంటాం. వాడు ఎటు చూడాలో మన ఇళ్లలో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమే, మిగతా 93 శాతం గొంతూ మొహమూ అని రాశారు. మా అమ్మాయి కాలేజీలో సైకాలజీ చెబుతుంది. అది చదివి నవ్వింది. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే అమెరికా ఆచార్యుడు 1967లో ప్రకటించిన రెండు ప్రయోగాలను కలిపి చేసిన లెక్కట అది. విడివిడి మాటల్ని రకరకాల గొంతుల్లో వినిపించి, మొహాల ఫొటోలు చూపించి, ఈ మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టమా కాదా అని అడిగారట. మాట ఒకటి చెప్పి మొహం ఇంకొకటి చెబితే జనం మొహాన్నే నమ్మారు. నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడం అని మా అమ్మమ్మ అనేది ఇదే కదా. ఇష్టాయిష్టాలు కాని సంగతులకు ఈ లెక్క వర్తించదని ఆయనే చెప్పాడట. కాదంటారా, ఎవరైనా నోరు విప్పకుండా "వీరవాసరం రెండు, ఒక హాఫ్" అని కండక్టరుకు మొహంతో చెప్పి చూడండి.

నాకూ ఒకప్పుడు ఈ పిచ్చి ఉండేది. టికెట్టు లేనివాడు ఎలా ఉంటాడో చూడగానే చెప్పేస్తాననుకునేవాణ్ణి. నేను దగ్గరికొచ్చేసరికి కిటికీలోంచి చూస్తాడు, నిద్ర నటిస్తాడు, జేబులు తడుముకుంటాడు. చెకింగువాళ్లు ఎక్కి టికెట్టు లేనివాణ్ణి పట్టుకుంటే మా మెడకే చుట్టుకుంటుంది, అందుకని అనుమానం మాకు అలవాటైపోతుంది. 1994 వానాకాలంలో ఓ సాయంత్రం ట్రిప్పు. వెనక సీట్లో ఒకాయన, అడిగితే పలకడు. ఒళ్లంతా చెమట, పిడికిలి బిగించి బయటికే చూస్తున్నాడు. నాలుగు మాటలని, బెల్లు కొట్టి బస్సాపించి, దిగమన్నాను. ఆయన పిడికిలి విప్పాడు. టికెట్టు ఉండలా నలిగి, తడిసిపోయి ఉంది. పాలకొల్లులో నేనే ఇచ్చినది. కొడుకుని భీమవరంలో ఆసుపత్రిలో చేర్చారంట, కబురొచ్చిందంట అని పక్కనున్న ఆడమనిషి చెప్పింది. బస్సు కదలాలంటే నేను రెండు బెల్లులు కొట్టాలి. చెయ్యి లేవలేదు. డ్రైవరే అద్దంలో నా వాలకం చూసి బండి పోనిచ్చాడు.

ఆయనలో భయం కనిపించింది, అది నిజమే. దేనికి భయమో మాత్రం నా సొంతంగా కల్పించుకున్నాను. ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడో లేదో మనుషులు నూటికి 54 సార్లే సరిగ్గా చెప్పగలుగుతున్నారని, 200కు పైగా పరిశోధనల్ని కలిపి చూసి 2006లో తేల్చారట. ఇదీ అమ్మాయి చెప్పిందే. బొమ్మా బొరుసూ వేసినా యాభై వస్తుంది.

ఇక చెవి. మావాడికి చిన్నప్పుడు ఎడమ చెవికి చీము పట్టింది. అప్పట్నుంచీ మాట్లాడేటప్పుడు ఆ చెవి తమ్మె లాక్కోవడం అలవాటు. మీ లెక్కన ముప్పై ఏళ్లుగా వాడు నిజమే చెప్పలేదన్నమాట. కిందటేడు హైదరాబాదు నుంచి వీడియో కాల్ చేశాడు. బాగానే ఉన్నాను, పని ఎక్కువగా ఉందన్నాడు, నవ్వాడు కూడా. నేను సరేనని పేపరు తీసుకున్నాను. ఫోను పెట్టేశాక మా ఆవిడ అక్కడే కూర్చుండిపోయింది.

"వాడివాళ చెవి ముట్టుకోలేదండీ."

"అయితే ఏమైంది?"

"నాకేం తెలుసు? అడగాలి."

మళ్లీ చేసి, నన్ను పక్క గదిలోకి పొమ్మని, అడిగింది. ఉద్యోగం పోయి మూడు వారాలైందట. మాకెలా చెప్పాలో తెలియక చేతులు రెండూ టేబులు మీద పెట్టుక్కూర్చున్నాడు.

మీ వ్యాసం చదువుతూ నేను ఊరుకోకుండా, "మన పెళ్లిచూపుల్లో నువ్వు తలెత్తలేదు, పిల్ల సిగ్గరి అని మావాళ్లు మురిసిపోయి ఖాయం చేసేశారు" అన్నాను. "ఆ రోజు నాకు నూటరెండు జ్వరం. ఎవరైనా అడిగారా?" అంది. ముప్పై ఎనిమిదేళ్లైంది మా పెళ్లయి. నాకు ఈ సంగతి పోయిన ఆదివారం తెలిసింది.

ఈసారి ఇలాంటి వ్యాసం వేస్తే కోట్లవాళ్లతో పాటు పెళ్లిచూపుల బొమ్మ కూడా ఒకటి వేయించండి. దాని కింద రాయాల్సిన వాక్యం మా ఆవిడ రాసిస్తానంటోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత కండక్టరు,
నరసాపురం