కొత్త మందు వార్తలు సరే, బీసీజీ ఎక్కడ?

సంపాదకుడికి నమస్కారం.

శరీరంలోని సహజ రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే కొత్త మందుల గురించి ఈమధ్య పత్రికల్లో తరచూ చదువుతున్నాను. సంతోషమే. కానీ ఆ తరహా మందుల్లో ఏళ్ల తరబడి నిలబడింది ఒకటి మన దేశంలోనే తయారవుతోంది. పసిపిల్లలకు ఎడమ భుజానికి వేసే క్షయ టీకా, బీసీజీయే అది. మూత్రాశయ క్యాన్సర్ కండరం దాకా పాకకముందే దొరికితే గడ్డను గీకి తీసేస్తారు. అది మళ్లీ రాకుండా, ముప్పు ఎక్కువున్నవాళ్లకు బీసీజీని పెద్ద మోతాదులో సన్నటి గొట్టంతో మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. కెనడాలోని కింగ్‌స్టన్‌లో మొరాలెస్ అనే యూరాలజిస్టు, ఆయన సహచరులు 1976లో దీని ఫలితాలు ప్రచురించారు. అమెరికా 1990లో అనుమతి ఇచ్చింది.

బలహీనపరిచిన ఆ బ్యాక్టీరియా లోపలి పొరకు అంటుకోగానే అక్కడి కణాలు పసిగడతాయి. ఒక కుక్క మొరిగితే వీధంతా లేచినట్టు రోగనిరోధక కణాలు వచ్చి పడతాయి: ముందు న్యూట్రోఫిళ్లు, మాక్రోఫేజ్‌లు, ఎన్‌కే కణాలు, వెనకాలే టీ కణాలు. కణాల్లో ఇలా సూక్ష్మజీవుల్ని పసిగట్టే టోల్ లైక్ రిసెప్టర్ల (టీఎల్ఆర్) గుట్టు విప్పినందుకు బ్యూట్లర్, హాఫ్‌మన్‌లకు 2011లో నోబెల్ వచ్చింది.

ప్రభుత్వాసుపత్రి ఫార్మసీలో పనిచేసి రిటైరైన నాకు బాధ కలిగించేది దీని సరఫరా. వారానికొకటి చొప్పున ఆరు వారాలు, తర్వాత మధ్యమధ్యలో మూడేసి డోసులు, ఒక్కోసారి మూడేళ్ల దాకా ఇవ్వాల్సిన మందు ఇది. మా బావగారికి కోర్సు మధ్యలో ఆసుపత్రిలో ‘స్టాకు లేదు, బయట చూసుకోండి’ అన్నారు. బయట ఏ షాపులో అడిగినా అదే జవాబు. ఆరోగ్య పథకం కార్డు చేతిలో ఉన్నా మందే లేకపోతే ఏం చేస్తాం? క్యాన్సర్ ముదిరితే మూత్రాశయాన్నే తీసేయాల్సి రావచ్చు. ఆ పైన చాలామందికి బతుకంతా మూత్రపు సంచితో.

కొరత మన ఒక్కరిదే కాదు. ఈ బ్యాక్టీరియా మహా నిదానంగా పెరుగుతుంది, ఒక్క బ్యాచ్ చేతికి రావడానికి నెలలు పడుతుంది. ధర తక్కువ, లాభం తక్కువ. టొరంటోలో సనోఫీ ప్లాంటు 2011లో వరద నీటిలో మునిగింది, మరుసటి ఏడాది తయారీ ఆగింది, చివరకు ఆ కంపెనీ ఈ మందే మానుకుంది. అమెరికాలో ఒకే కంపెనీ మిగిలి, డాక్టర్లు ఒక డోసును ముగ్గురికి పంచే పరిస్థితి వచ్చింది. ఈ చికిత్స పుట్టిన కెనడా పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ నుంచి తెప్పించుకుంటోంది!

‘ఎలుకల్లో క్యాన్సర్ మాయం’ అనే వార్తకు నేను పండగ చేసుకోను. డీఎంఎక్స్ఏఏ అనే మందు ఎలుకల్లో గడ్డల్ని కరిగించింది, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో విఫలమైంది. అది రోగనిరోధక శక్తిని మేల్కొలిపే స్టింగ్ అనే ప్రొటీన్‌లో ఎలుకల రకానికి అతుక్కుంటుంది, మనిషి స్టింగ్‌కు అతుక్కోదని తర్వాత తేలింది. గెలిచినవీ ఉన్నాయి. ఎన్‌కే కణాల్ని, టీ కణాల్ని ఉత్తేజపరిచే యాంక్టివాకు 2024 ఏప్రిల్‌లో అమెరికా అనుమతి వచ్చింది. బీసీజీ ఒక్కటే ఇస్తే పనిచేయని రోగులకు అది. అయినా దాన్ని ఇవ్వాల్సింది బీసీజీతో కలిపే. పాతది దొరకనిచోట కొత్తది మాత్రం ఏం చేస్తుంది?

ప్రభుత్వాసుపత్రులకు మందులు కొనే ఆంధ్రప్రదేశ్ సంస్థ ఏపీఎంఎస్ఐడీసీ, తెలంగాణలోని అలాంటి సంస్థ యూరాలజీ విభాగాల నుంచి ఏడాదికి ఎంత మందు కావాలో ఇండెంట్ ముందే తీసుకుని, కోర్సు మొదలుపెట్టిన రోగి పేరున మొత్తం డోసులు పక్కన పెట్టాలి. స్టాకు ఎక్కడుందో ఆన్‌లైన్‌లో కనబడాలి. మరో తయారీదారును ప్రోత్సహించాలనుకుంటే హైదరాబాద్‌లో మందుల, టీకాల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ ఉంది. అక్కడి భారత్ బయోటెక్ కోవాగ్జిన్‌లో పైన చెప్పిన టోల్ లైక్ రిసెప్టర్లలో రెంటిని, టీఎల్ఆర్7/8ను, ప్రేరేపించే పదార్థాన్నే కలిపింది, అంటే ఈ విద్య హైదరాబాద్‌కు కొత్త కాదు. చెన్నై గిండీలో 1948 నుంచి ప్రభుత్వ బీసీజీ ప్రయోగశాల కూడా ఉంది. కేంద్రం దానికి ఈ పని అప్పగించవచ్చో లేదో పార్లమెంటులో మన ఎంపీలు అడగాలి.

ఇట్లు,
రిటైర్డ్ ఫార్మసిస్టు, ఏలూరు