రోమ్‌లో మా శాకాహారులకు కడుపునిండా పెట్టినవారికి కృతజ్ఞతలు

రోమ్ నగరం టెస్టాచ్చో పేటలో ఓ పక్క వీధిలో ఉన్న ఆ చిన్న త్రాతోరియా (ఇంటి తరహా భోజనశాల) యజమాని దంపతులకు, వంటింట్లోవాళ్ళకు, వడ్డించిన అబ్బాయికి, అంతకంటే ముందు ఫోన్‌లోనే సగం పని చక్కబెట్టిన అక్కడి తెలుగు విద్యార్థులకు మా బృందం తరఫున మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ చదువుల మధ్య ఇంత తీరిక చేసుకోవడం మామూలు విషయం కాదు.

మాలో శాకాహారులే ఎక్కువ, కొందరు గుడ్డు కూడా ముట్టరు. టెస్టాచ్చో చూస్తే 1891 నుంచి 1975 దాకా నగర కబేళా నడిచిన పేట. తోక, పొట్ట, పేగులతో చేసే వంటలే దానికి పేరు తెచ్చాయి. అలాంటిచోట మా అందరికీ భోజనం ఎలా కుదిరిందో రాస్తే రేపు వెళ్ళేవాళ్ళకు పనికొస్తుంది. వాళ్ళ రుణం కొంతైనా తీర్చుకున్నట్టూ ఉంటుంది.

విద్యార్థులు రాసిచ్చిన ఇటాలియన్ చీటీలో ‘శాకాహారులం’ అన్న మాటే లేదు. అలా చెబితే కనిపించే ముక్కలు తీసి పెడతారు, రసం మాత్రం మాంసానిదే ఉంటుంది. అందుకని ఏమేం తినమో పేరుపేరునా రాశారు: ‘నోన్ మంజామో కార్నే, పేషే, ఉవోవా. నేయాంకే బ్రోదో ది కార్నే, గ్వాంచాలే, స్ట్రుత్తో, అచ్చూగే.’ మాంసం, చేప, గుడ్డు తినం. మాంసం ఉడికించిన రసం, పంది దవడ నుంచి చేసే ఉప్పుమాంసం, పందికొవ్వు, నెత్తళ్ళు కూడా వద్దు అని దీని భావం. ఇందులో రెండో వాక్యమే అసలైనది. కూరగాయల సూప్ అనుకునే మినెస్ట్రోనేలో మాంసపు రసం పోసే అవకాశం ఉంది. చిక్కుడు గింజల కూరలో పందితోలు వేస్తారు. పుంతారెల్లే అనే పచ్చి కాడల సలాడ్‌కు రుచి ఇచ్చేదే నూరిన నెత్తళ్ళు. గుమ్మడి జాతి పూలలో మోజరెల్లాతో పాటు ఒక నెత్తల్లి ముక్క దూర్చి వేయిస్తారు. సుప్లీ అనే అన్నపు ఉండ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ, చాలాచోట్ల ఆ అన్నాన్ని మాంసం సాస్‌లోనే కలుపుతారు.

అలర్జీల పట్టిక చూసుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఐరోపా సమాఖ్య నియమం ప్రకారం 2014 డిసెంబరు 13 నుంచి హోటళ్ళు కూడా 14 రకాల అలర్జీ పదార్థాల వివరం ఇవ్వాలి. పాలు, గుడ్డు, చేప, వేరుశనగ, సెలెరీ అందులో ఉంటాయి. మాంసం మాత్రం ఆ పద్నాలుగింటిలో లేదు. అంటే నెత్తళ్ళు ఆ పట్టికలో దొరికిపోతాయి, పందికొవ్వు దొరకదు. గుడ్డు సంగతి తెలుసుకోవడానికి పట్టిక బాగా పనికొస్తుంది. మిగతాదానికి చీటీయే దిక్కు.

ఇక వేళ సంగతి. ఇదే అన్నిటికంటే ముఖ్యమని మా అభిప్రాయం. విద్యార్థులు ఫోన్ చేసింది పొద్దున పదకొండు గంటలప్పుడు, వంటింట్లో సాస్‌లు పొయ్యి మీదికి ఎక్కే సమయం. మధ్యాహ్నం వడ్డన పన్నెండున్నరకు మొదలవుతుంది, రాత్రిది ఏడున్నర తరవాతే. పొద్దున్నే చెబితే గ్వాంచాలే తగలని టమాటా సాస్ వేరే గిన్నెలో కాస్తారు. రాత్రి ఎనిమిదిన్నరకు బల్ల దగ్గర కూర్చుని చెబితే, ఎంత మంచివాళ్ళయినా ఉన్నదాంట్లోంచి ఏరి తీయగలరు, అంతే. కలిసిపోయిన కొవ్వును ఎవరు తీస్తారు?

వచ్చాక యజమానురాలు చీటీని ఊరికే చూసి తిరిగిచ్చేయలేదు. వంటింటి కిటికీ పక్కన, ఆర్డర్లు గుచ్చే మేకుకే గుచ్చారు. వంటాయన ప్రతి ప్లేటు బయటికి పంపే ముందు దాన్ని చూస్తూనే ఉన్నాడు. వేయించిన ఆర్టిచోక్ (కూరగా తినే ఒక పూమొగ్గ) అడిగితే వద్దన్నది కూడా వాళ్ళే. మూకుడులో నూనె ఒక్కటే, అందులోనే ఉప్పుచేప వేగుతోందట. దాని బదులు ఆర్టిచోక్‌నే పుదీనా జాతి ఆకు, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో మగ్గబెట్టి చేసే కార్చోఫీ అల్లా రొమానా ఇచ్చారు. అడగని విషయం చెప్పి, అమ్ముడుపోయే ప్లేటు వదులుకున్నందుకు వాళ్ళకు ప్రత్యేకంగా దండాలు.

గుడ్డు తిననివాళ్ళకు పాస్తా ఎంచడంలో ఒక కిటుకు ఉంది. స్పగెట్టి, రిగతోని లాంటి ఎండు పాస్తా గట్టి గోధుమ రవ్వ, నీళ్ళతోనే చేస్తారు. ఫెత్తుచీనే, తాల్యతెల్లే లాంటి తాజా పాస్తాలో సాధారణంగా గుడ్డు ఉంటుంది. చీజ్, మిరియాలతో చేసే కాచో ఎ పేపేకు రోమ్‌లో తరచు తొన్నరెల్లి అనే పాస్తా వాడతారు, దాంట్లోనూ గుడ్డు ఉండొచ్చు. ‘రిగతోనితో చేయండి’ అని ముందే చెబితే ఎవరూ కాదనరు. ఆ వంటకంలో పడే పెకోరీనో రొమానో చీజ్‌కు గొర్రెపిల్ల పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌తోనే పాలు విరగ్గొడతారు. పార్మిజానో రెజ్జానో అనే చీజ్‌లో వాడేది దూడది. అది కూడా పట్టింపైతే చీజ్ చల్లని టమాటా పాస్తా, లేదా వెల్లుల్లి, నూనె, ఎండుమిరపకాయల పాస్తా తీసుకోవాలి. రెండోది మనవాళ్ళ నాలుకకు ఇట్టే నచ్చుతుంది.

కాచో ఎ పేపే చిన్న వంటకంలా కనిపించినా వంటవాళ్ళకు పెద్ద పరీక్ష. పెకోరీనోకు వేడి ఎక్కువైతే ఉండలు కట్టి తీగలు సాగుతుంది, నూనె వేరైపోతుంది. అందుకే పొయ్యి మీంచి దించాక, పాస్తా ఉడికిన గంజి కొంచెం కొంచెంగా పోస్తూ చీజ్ కలుపుతారు. ఆ గంజిలోని పిండే సాస్‌ను పట్టి ఉంచుతుంది. పదిమందికి ఒకే బాణలిలో కలిపితే కుదరదు, అందుకని మా ప్లేట్లు ఒక్కోసారి రెండు చొప్పున వచ్చాయి. పెద్దవాళ్ళ కోసం ఆగుదామని మర్యాదకు పోతే ముద్దయిపోతుంది, ఎవరి ప్లేటు వస్తే వాళ్ళు మొదలుపెట్టేయాలి. వడ్డించే అబ్బాయి చేత్తో సైగ చేసి మరీ తొందరపెట్టింది అందుకే.

బిల్లు గురించి నాలుగు మాటలు. అడిగేదాకా తేరు, తొందరపెట్టినట్టు ఉంటుందని. ‘ఇల్ కోంతో, పెర్ ఫవోరే’ అంటే చాలు. రోమ్ ఉన్న లాజియో ప్రాంతంలో కోపెర్తో అనే కూర్చున్నందుకు రుసుమును 2006 నాటి చట్టం వద్దంది. బిల్లులో ‘పానే’ అని కనిపిస్తే అది బల్ల మీద పెట్టిన రొట్టెకు. అక్కర్లేకపోతే పెట్టినప్పుడే చెప్పాలి, తుంచాక కాదు. టిప్పు తప్పనిసరేమీ కాదు, మేం ఇచ్చింది సంతోషంగా ఇచ్చాం.

తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చివరగా ఒక విన్నపం. చీటీలో ‘జెలతీనా’ కూడా చేర్చండి. మీగడతో చేసే పాన్నా కోత్తా అనే తీపి వంటకం గట్టిపడేది జెలటిన్‌తోనే, అది జంతువుల ఎముకలు, తోళ్ళ నుంచి వచ్చేది. ఆ రాత్రి యజమానురాలే గుర్తుపట్టి దాని బదులు నారింజ ముక్కలు కోసి తెప్పించారు. అన్ని చోట్లా ఆవిడ ఉండరు కదా.